రెండో తెర మీద సీతాఫలాలు

నా వీపు వెనక నిలబడి ఊపిరి వదిలేవాళ్లంటే నాకు మొదటి నుంచీ ఒళ్లు మంట. బస్సులో నా భుజం మీంచి నా వారపత్రిక చదివేసేవాళ్లని చూశాను. నేను పేజీ తిప్పబోతే "ఒక్క నిమిషమండీ" అన్నవాళ్లని కూడా చూశాను. వాళ్లెవరినీ ఈ రోజుకీ క్షమించలేదు. అలాంటి నాకు దొరికిన పని ఏమిటయ్యా అంటే, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని, వెనకాల ఒక వ్యాపారిని నిలబెట్టుకుని, ఆయన "ఇంకాస్త పైకి, ఇంకాస్త కిందికి" అంటూ ఉంటే చీర మీద పువ్వుని అటూ ఇటూ జరపడం.

సూరత్‌లో చీరలకి డిజైన్లు వేసేదాన్ని. మావారి బ్యాంకు ఉద్యోగం మమ్మల్ని తీసుకొచ్చి అడాజన్‌లో ఒక మూడో అంతస్తు ఫ్లాట్‌లో పడేసింది. ఆయన పొద్దున్నే స్కూటరేసుకుని వెళ్లిపోతే సాయంత్రం దాకా నేనూ, నాలుగు గోడలూ. ఊసుపోక పక్క వీధిలో కంప్యూటర్ క్లాసులో చేరాను. అక్కడ నేర్పేది చీరల డిజైన్లని చేరాక తెలిసింది. ఆ ఊళ్లో ఏం నేర్పినా చివరికి చీర దగ్గరికే వచ్చి ఆగుతుంది. బాడీ, అంచు, కొంగు విడివిడిగా తయారుచెయ్యడం, ఏ రంగుకి ఆ రంగు విడదీయడం, అచ్చువేసే మిల్లుకి పంపడానికి సీడీలో పెట్టివ్వడం, ఇదీ పని. ముగ్గులు పెట్టిన చెయ్యి కాబట్టి తొందరగానే పట్టుబడింది.

పని వచ్చింది గానీ ఇచ్చేవాళ్లు దొరకలేదు. రింగ్ రోడ్డు మార్కెట్లలో దుకాణాలు ఎక్కి దిగాను. ఇంట్లో కూర్చుని వేస్తానంటే, అందులోనూ భాష సరిగ్గా రాని దక్షిణాది ఆవిడ వేస్తానంటే, "చూద్దాం బేన్" అని, అంటే చూద్దాం అక్కా అని, మర్యాదగా చాయ్ తాగించి పంపేసేవారు. అలా తాగిన చాయ్‌లతో నాకు ఎసిడిటీ వచ్చింది తప్ప పని రాలేదు. ఆఖరికి ఒక పెద్దాయన దొరికాడు. మార్కెట్లో అందరూ ఆయన్ని కాకా, అంటే బాబాయ్, అనేవారు, నేనూ అదే అన్నాను. బార్డోలీ దగ్గర పల్లె ఆయనది. చిన్న దుకాణం, తెల్లటి పరుపు, దాని మీద ఎప్పుడూ ఒకే భంగిమలో ఆయన. నేను వేసిన నమూనాలు చూసి, పక్కనున్నవాళ్లతో అన్నాడు, "చీర కట్టేది ఆడవాళ్లు. మరి ఇన్నాళ్లూ మీసాలవాళ్ల చేత ఎందుకు వేయించామో!" అంతే, ఆ రోజే నాకు పని ఇచ్చాడు. ఆయన మాటలు సగం గుజరాతీ, సగం హిందీ. నేను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ, అప్పట్లో వాటిలో మూడో వంతు నాకు ఆయన చేతుల కదలికల వల్లే అర్థమయ్యేవి.

కాకా మంచివాడని చెప్పడానికి నాకు ఏ సంకోచమూ లేదు. కానీ ఆయన కూడా వీపు వెనక నిలబడే జాతే. పైగా మావా నములుతూ నిలబడేవాడు. వక్కా పొగాకూ కలిపి నలిపే ఆ మావా వాసన నా జడకి పట్టి, రాత్రి తలంటుకున్నా పోయేది కాదు. ఏదైనా చూపించాలంటే వేలితో నేరుగా తెర మీద పొడిచేవాడు. ఆయన వెళ్లాక తడిగుడ్డ పెట్టి తుడిస్తే తప్ప, చీరలో ఏది చుక్కో ఏది కాకా వేలిముద్రో తెలిసేది కాదు. ఒకసారి ఒక వేలిముద్రని చెరపాలని మౌస్‌తో పావుగంట తంటాలు పడ్డాను.

ఈ బాధల్లో ఉండగా మా మరిది వచ్చాడు. పూణేలో ఏదో కంప్యూటర్ కంపెనీలో పని. నాలుగు రోజులుండి పోదామని వస్తూ, ఆఫీసులో పక్కన పడేసిన ఒక వస్తువు బ్యాగులో వేసుకొచ్చాడు. దాన్ని టాబ్లెట్ అంటారన్నాడు. మాకు తెలిసిన టాబ్లెట్ తలనొప్పికి వేసుకునేదే. ఇది మాత్రం తల మీద పడితే తలనొప్పి వచ్చేంత ఉంది. మడత కంప్యూటర్‌కి అక్కచెల్లెల్లా ఉండి, తెరని గుండ్రంగా తిప్పి వెనక్కి పడుకోబెడితే పలకలా అయ్యేది. దాని మీద రాసే కలం ఎక్కడో పోయింది. బ్యాటరీ చచ్చిపోయి ఎప్పుడూ కరెంటు వైరుకి వేలాడుతూ ఉండేది. "ఇందులో బతికున్నది తెర ఒక్కటే వదినా" అన్నాడు మరిది. "దాన్ని నీ కంప్యూటర్‌కి కలిపేస్తా."

ఒక తీగ లాగాడు. ఏదో చిన్న ప్రోగ్రామ్ రెండింట్లోనూ ఎక్కించాడు. గంటన్నర తనలో తను గొణుక్కున్నాడు. తర్వాత నన్ను పిలిచి, మౌస్ నా చేతికిచ్చి, "కుడివైపుకి లాగు" అన్నాడు. లాగాను. బాణం గుర్తు నా తెర కుడి అంచు దాకా వెళ్లి మాయమైంది. "ఇంకా లాగు." లాగితే, బల్ల మీద అటు పెట్టిన టాబ్లెట్‌లో ఎడమ అంచు నుంచి ఆ బాణం నడుచుకుంటూ వచ్చింది. నేను చిన్నపిల్లలా కేక వేశాను. "ఇది నీ కంప్యూటర్‌కి పక్క గది వదినా. ఇక్కడ ఉన్నదాన్ని దేన్నైనా పట్టుకుని తలుపు దాటిస్తే ఆ గదిలోకి వెళ్తుంది" అని వాడు విడమరిచి చెప్పాడు. నేను బుద్ధిగా తలూపాను. ఆ ముక్క అప్పుడు నా బుర్రలోకి నిజంగా వెళ్లి ఉంటే ఇవాళ ఇది రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

మర్నాడు, ఊరికి అవతలి చివరనున్న నవాగామ్ నుంచి నా దగ్గరికి పని మీద వచ్చే ఒకావిడ దాన్ని చూసింది. ఆవిడది మన కరీంనగర్ వైపు. భర్త పవర్‌లూమ్ మీద పని చేసేవాడు. ఆవిడ ఇంట్లోనే చీరల మీద రాళ్లు అంటించేది. నేను వేసిన డిజైన్ మీద ఎక్కడెక్కడ రాళ్లు పడాలో మాట్లాడుకోవడానికి వారానికి ఓసారి అంత దూరం నుంచీ వచ్చేది. చుట్టూ తిరిగి చూసి, చేత్తో ఎత్తి చూసి, "ఏందక్కా గిది, పలకా? గింత బరువుంది! దీంతోని ఒక్కటిస్తె మనిషి లేవడు" అంది. అప్పటి నుంచీ మా ఇంట్లో దాని పేరు పలకే అయింది.

పలక వచ్చాక నా బతుకు మారిపోయింది. బల్లకి అటువైపు ఒక కుర్చీ వేసి, పలకని దాని వైపు తిప్పి పెట్టాను. వ్యాపారి అక్కడ కూర్చుంటాడు, నేను ఇక్కడ కూర్చుంటాను. డిజైన్ ఉన్న కిటికీని, అదే కంప్యూటర్ విండోని, పట్టుకుని కుడివైపుకి తోస్తే ఆయన ముందు కనిపిస్తుంది. పనిముట్ల డబ్బాలూ రంగుల డబ్బాలూ నా తెర మీద. నా వీపు నాది, నా జడ నాది. కాకా మొదటిరోజు ఆ కుర్చీలో కూర్చుని, మొదటి తరగతి టికెట్ కొన్నవాడిలా కాలు మీద కాలు వేసుకున్నాడు. కాసేపటికి పలక మీద వేలు పెట్టి పువ్వుని జరపబోయాడు. అది కదల్లేదు. గట్టిగా నొక్కాడు. "కాకా, అది వేలికి కదలదు" అన్నాను. "నా పువ్వు నా మాట వినదా?" అని నిజంగానే కోపం తెచ్చుకున్నాడు. పలకకి ఇంకో జబ్బు కూడా ఉండేది. నా తెర మీద మెరూన్ అయినది దాని మీద వంకాయ రంగులో కనపడేది. "ఇది పలక రంగు, మీ చీర రంగు కాదు" అని ప్రతి వ్యాపారికీ ముందే ప్రమాణం చేసి చెప్పాల్సి వచ్చేది.

ఇక్కడ ఆ ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. సూరత్ మార్కెట్లో డిజైన్ అంటే పెళ్లి కుదరని ఇంట్లో సంబంధం కబురులాంటిది, బయటికి పొక్కకూడదు. కొత్త చీర ఒక దుకాణంలో వేలాడిన వారానికల్లా ఎదురు మార్కెట్లో అదే చీర పలచటి బట్ట మీద తక్కువ ధరకి వచ్చేసేది. ఎవరూ ఎవరినీ నిలదీసేవారు కాదు. అందుకని ముందే దాచుకోవాలి. కాకా అయితే తన నమూనా బట్ట ముక్కల్ని స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టుకుని తెచ్చేవాడు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఆయన్ని ఎవరికో భోజనం తెచ్చే మనిషి అనుకునేవాడు. డిజైన్ వేసేవాళ్ల ధర్మం ఏమిటంటే, ఒకరి పని ఇంకొకరి కంట పడనివ్వకపోవడం. ఆ ధర్మం తప్పినవాళ్లకి ఆ ఊళ్లో మళ్లీ ఎవరూ డబ్బా మూత తెరవరు.

ఆ ధర్మం కాపాడటానికి నాకు నా సొంత పద్ధతి ఒకటి ఉండేది. ఒకరి పని చేస్తుండగా ఇంకొకరు తలుపు కొడితే, ఆ కిటికీని మౌస్‌తో పట్టుకుని కుడివైపుకి తోసేసేదాన్ని. వేలెడు ముక్క తప్ప మిగిలినదంతా తెర అంచు దాటి ఎటో వెళ్లిపోయేది. మూసెయ్యొచ్చు కదా అనొచ్చు. అంత పెద్ద ఫైలు మూసి మళ్లీ తెరవాలంటే నా కంప్యూటర్‌కి పప్పు ఉడికేంత సేపు పట్టేది. కిందికి దించితే, నేను ఇంకోటి నొక్కబోయి దాన్నే నొక్కి, అది ఎగిరొచ్చి అందరి ముందూ నిలబడేది. అందుకని కుడివైపుకి తోసెయ్యడమే. ఐదేళ్లుగా నా చేతికి అలవాటైపోయింది. గంట మోగితే నా చెయ్యి దానంతటదే కుడివైపుకి పోయేది.

కుడివైపున ఇప్పుడు పక్క గది ఉందని నా చేతికి ఎవరూ చెప్పలేదు.

తాపీ నదికి వరదొచ్చి ఊరు మునిగిన మరుసటి ఏడాది సంగతి ఇది. కాకా గోడౌన్ కింది అంతస్తులో ఉండేది. ఆ వరదలో, సీజన్‌కి కట్టిపెట్టిన చీరలన్నీ నీళ్లలో నానిపోయాయి. నేను చూడ్డానికి వెళ్లాను. ఎర్రవి, పచ్చవి, నీలివి, అన్నిటి రంగులూ ఒకదాంట్లోకి ఒకటి దిగి ఒకే బురద రంగయ్యాయి. కాకా ఒక మడత విప్పి చూపించి, "ఇది మనం వేసిన మల్లెల చీర" అన్నాడు. నాకు మల్లె ఒక్కటీ కనపడలేదు.

ఏడాది తిరిగాక ఆయన టిఫిన్ డబ్బాతో వచ్చి మూత తీస్తే లోపల ఒక సీతాఫలం ఉంది. నాకోసం తెచ్చాడనుకుని చెయ్యి చాచాను. "తినకు, ఇది చీర" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. వాళ్లావిడకి వచ్చిన ఆలోచనట. వాళ్ల పల్లెలో పెరట్లో చెట్టు. కాయ మీది పొలుసుల్లాంటి కన్నులు బాడీ అంతా, విచ్చుకున్న పండు కొంగు మీద. "లగ్నాల సీజన్‌కి ఇదొక్కటే వేస్తున్నాను. ఇది నడిస్తే దుకాణం నడుస్తుంది. లేకపోతే తాళం వేసి ఊరెళ్లిపోతాను" అని మామూలుగా, కూరల ధర చెప్పినట్టు చెప్పాడు. ఎవరూ వెయ్యని బొమ్మ కావడమే దాని బలం. అది ముందే బయటపడితే ఇంకేమీ లేదు.

మూడు వారాలు దాంతో కుస్తీ పట్టాను. లేతాకుపచ్చ పొలుసులు బాగా కుదిరాయి. కొంగు మీద విచ్చుకున్న పండు తెల్లటి పువ్వులా వచ్చింది. గింజలే నన్ను ఏడిపించాయి. మొదటిసారి చూసి మావారు "ఏమోయ్, దీనికి చీమలు పట్టాయి" అన్నారు. గింజలు చిన్నవి చేస్తే ఈగలయ్యాయి, పెద్దవి చేస్తే బొద్దింకలయ్యాయి. చివరికి గింజకి ఒక పక్కన సన్నటి మెరుపు గీత పెడితే అవి గింజలయ్యాయి. ఆ రోజు నేను నిజంగా గర్వపడ్డాను.

ఆ గర్వంలో ఉండగానే ఒక సోమవారం మధ్యాహ్నం గంట మోగింది. నా దగ్గరికి కొత్తగా వస్తున్న ఒక కుర్ర వ్యాపారి. కాకాకి ఎదురు మార్కెట్లో దుకాణం. నల్ల కళ్లద్దాలు జుట్టు మీద పెట్టుకుని, చేతికొక ఫోనుతో తిరిగేవాడు. నన్ను బేన్ అనేవాడు, నేను భాయ్ అనేదాన్ని. నాలుగింటికి రమ్మంటే మూడింటికే వచ్చాడు. నా చెయ్యి దాని పని అది చేసేసింది. సీతాఫలాల్ని పట్టుకుని కుడివైపుకి ఒక్క తోపు తోసింది. నా తెర తుడిచినట్టు అయింది. తృప్తిగా లేచి తలుపు తీసి, భాయ్‌ని పలక ముందున్న కుర్చీలో కూర్చోబెట్టి, చాయ్ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లాను.

చాయ్ తెచ్చేసరికి అతను పలక వంకే చూస్తున్నాడు. నేను నిలబడ్డ వైపు నుంచి నాకు దాని వీపు తప్ప ఏమీ కనపడదు. ఖాళీ తెరలో తన మొహం చూసుకుని జుట్టు సర్దుకుంటున్నాడనుకున్నాను. అలాంటి మనిషిలాగే ఉండేవాడు. చాయ్ గడగడా తాగేసి, "చాలా బాగుంది బేన్, ఇంకో కప్పు దొరుకుతుందా?" అన్నాడు. నా చాయ్‌ని సూరత్‌లో ఎవరూ అంతవరకు మెచ్చుకోలేదు. పొంగిపోయి మళ్లీ వంటింట్లోకి వెళ్లి ఈసారి అల్లం కూడా దంచి వేశాను. రెండో కప్పు తాగి, అతను కుర్చీలోంచి లేచి, "నా అంచు ఇక్కడ నిలబడి చూస్తాను" అంటూ వచ్చి నా వీపు వెనక నిలబడ్డాడు. మంచి కుర్చీ ఇస్తే ఇదేం బుద్ధి అని మనసులో విసుక్కున్నాను. అతని పని పావుగంటలో అయిపోయింది. వెళ్లిపోయాడు.

కప్పులు తియ్యడానికి బల్లకి అటువైపు వెళ్లాను. పలక నిండా సీతాఫలాలు. పైన పొలుసులు, కింద కొంగు, ఒక్కో గింజకీ ఒక్కో మెరుపు గీత. ఆ కుర్చీలోనే కూలబడ్డాను.

సాయంత్రం మావారు రాగానే చెప్పాను. ఆయన బూట్లు విప్పుతూ, "చూసుండడులే" అన్నారు.

"రెండు కప్పుల చాయ్ తాగేంతసేపు దాని ముందు కూర్చున్నాడండీ! కళ్లు జేబులో పెట్టుకుని తాగాడా?"

"చూసినా అర్థమై ఉండదు. చీమలనుకుని ఉంటాడు."

ఆ మాటకి ఆ పూట ఆయనకి వేడి చేసిన నిన్నటి పప్పే దక్కింది. ఆయన ఉద్దేశం మంచిదే. "కొన్నాళ్లు ఊరుకో, బయటికి వస్తే అప్పుడు చూద్దాం, నీ దగ్గర్నుంచే వెళ్లిందని ఎవరికి తెలుస్తుంది" అన్నారు. నిజానికి నాకు కావలసిన మాట కూడా అదే. అందుకే ఆయన మీద అంత కోపం వచ్చింది. మంగళవారమంతా ఫోను ముందు కూర్చున్నాను. కాకా నంబరు నొక్కడం, మోగకముందే పెట్టెయ్యడం. మధ్యమధ్యలో ఆ భాయ్‌ని తలుచుకుని, నాకొచ్చిన మూడు భాషల్లోనూ తిట్టాను. అతని కళ్లద్దాల్ని తిట్టాను, ఫోనుల్ని తిట్టాను, నా అల్లం చాయ్ తాగిన నోటిని తిట్టాను. దొంగ అన్నాను. ఇలాంటివాళ్ల వల్లే ఊరు చెడిపోతోందన్నాను.

బుధవారం నవాగామ్ ఆవిడ వచ్చింది. నా మొహం చూసి ఏమైందంది. చెప్పాను. ఆవిడ రాళ్ల పొట్లాలు సంచిలోంచి తీస్తూ విన్నది, తీసినవి మళ్లీ సంచిలో పెట్టేసింది.

"ఇంక చెప్పలేదా అక్కా నువ్వు ఆయనకు?"

"ఎలా చెప్పను? ఏ మొహం పెట్టుకుని?"

"ఉన్న మొహమే పెట్టుకో, ఇంకోటి యాడికెళ్లొస్తది? మా ఆయన మగ్గం కాడ గంతే అక్కా. పోగు తెగితే అప్పుడే ఆపి కట్టాలె. సేఠ్ తిడ్తడని నడిపించినవనుకో, తాను పొడుగూత గీత పడ్తది. గప్పుడు దాచుదామన్నా దాగదు. జర జల్ది పో."

ఆవిడ చెప్పినా నేను ఆ రోజు వెళ్లలేదు. తలనొప్పి అని నాకు నేనే చెప్పుకున్నాను. గురువారం పదింటికి బయల్దేరాను.

బయల్దేరిన మాట నిజమే గానీ, నేరుగా కాకా దగ్గరికి వెళ్లానని అనలేను. ముందు ఎదురు మార్కెట్లోకి దూరాను. ఆ ఊళ్లో స్కూటరు మీద పోయే అమ్మాయిలు ఎండకి మొహమంతా చున్నీ చుట్టుకుంటారు కదా, అలాగే కొంగు చుట్టుకున్నాను. అక్కడ ఎటు చూసినా నాకు సీతాఫలాలే. ఒక దుకాణంలో అనాసపండు చూసి ఆగిపోయాను. ఇంకో చోట నెమలి ఈకల కళ్లని పొలుసులనుకుని దగ్గరికెళ్లి చూశాను. భాయ్ దుకాణం ముందు స్తంభం చాటున నిలబడి లోపలికి తొంగిచూస్తున్నాను. వెనక నుంచి, "బేన్, లోపలికి రండి, చాయ్ తాగుదురు గాని" అని వినిపించింది. భాయే. కళ్లద్దాలు జుట్టు మీదే ఉన్నాయి. "దారి తప్పాను" అని గొణిగి, కొంగు ఇంకా గట్టిగా చుట్టుకుని మెట్లు దిగి పరుగు లాంటి నడకతో వచ్చేశాను. మొహమంతా చుట్టుకున్నా ఎలా గుర్తుపట్టాడో తెలియలేదు. నా చేతిలో డిజైన్ల సంచి, దాని మీద నేనే కుట్టుకున్న తెలుగు అక్షరాలు. ఆ మార్కెట్ మొత్తానికి అలాంటి సంచి ఒక్కటే ఉంటుంది.

కాకా తెల్ల పరుపు మీద కూర్చుని ఒక చీర మడత పెడుతున్నాడు. నేను చెప్పులు విప్పి, ఎదురుగా కూర్చుని, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా మొత్తం చెప్పేశాను. గంట మోగడం, కుడివైపుకి తోయడం, పలక, రెండు కప్పులు. నా హిందీ అంత వేగంగా ఎప్పుడూ నడవలేదు. ఆయన మడత ఆపలేదు. అంచుకి అంచు కలిపి, చేత్తో రాసి, పక్కన పెట్టాడు.

"రెండో కప్పు ఎందుకడిగాడో తెలుసా దీక్రీ?" అన్నాడు.

దీక్రీ అంటే కూతురు. ఆయన నన్నెప్పుడూ అలాగే పిలిచేవాడు. నేను తల అడ్డంగా ఊపాను.

"నీ పలకని ఆర్పే బటన్ వెతుక్కోవడానికి. చూడకుండా ఉందామని. దొరకలేదట. అందుకే లేచి నీ వెనక నిలబడ్డాడు. సోమవారం సాయంత్రమే వచ్చి నా దగ్గర కూర్చున్నాడు. కాకా, మీ సీతాఫలం నా కంట పడింది, నేను వెయ్యను, ఇంకెవరి నోటో వినేలోపు నేనే చెప్తున్నాను అన్నాడు. నీకు చెప్తే కొత్త మనిషి ముందు నీ మొహం చిన్నబోతుందని చెప్పలేదట."

మంగళవారమంతా అతన్ని తిట్టిన తిట్లు ఒక్కొక్కటే వచ్చి నా ముందు కూర్చున్నాయి.

"అంటే, మీకు సోమవారమే తెలుసు" అన్నాను చివరికి.

"తెలుసు. మంగళవారం నువ్వు వస్తావనుకున్నాను. బుధవారం కూడా అనుకున్నాను." ఆయన జేబులోంచి ఒక చిన్న ప్యాకెట్ తీసి పరుపు మీద పెట్టాడు. పెన్ డ్రైవ్. ఇంకా అట్ట విప్పలేదు. "ఇవాళ పొద్దున్న కొన్నాను. సీతాఫలం నువ్వే వేస్తావు. అందులో మార్పు లేదు. కానీ నా పనంతా ఇందులో ఉంటుంది. వచ్చేటప్పుడు తెస్తాను, వెళ్లేటప్పుడు తీసుకెళ్తాను. నీ కంప్యూటర్‌లో ఏమీ ఉంచకు."

ఆయన కోప్పడలేదు. చాయ్ కూడా తెప్పించాడు. నేను తాగాను. తిట్టి ఉంటే ఏదో ఒకటి సర్దిచెప్పుకునేదాన్ని. కిటికీ పక్క గదిలోకి వెళ్లిన పాపం నా చేతిది. దాన్ని ఆయన లెక్కలోకే తీసుకోలేదు. మూడు రోజులు నోరు మూసుకోవడం మాత్రం నాది. ఒక్క రోజు ముందు, నవాగామ్ ఆవిడ చెప్పిన పూటే లేచి వచ్చి ఉంటే, ఆ ప్యాకెట్ ఇంకా ఏదో కొట్లో వేలాడుతూ ఉండేది. ఇంటికి వచ్చి చాలాసేపు ఏడ్చాను. మావారు ఆ రోజు ఏ సలహా ఇవ్వకుండా అన్నం వండారు.

సీతాఫలం చీర నడిచింది. ఆ లగ్నాల్లో అడాజన్ ఫంక్షన్ హాళ్ల బయట నేను నిలబడి లెక్కపెట్టుకునేదాన్ని. తర్వాత మామూలుగానే దానికి నకళ్లు వచ్చాయి. ఎవరో వేసినవాటిలో పొలుసులు పెద్దవై సీతాఫలం తాబేలైంది. కాకా ఒకటి కొని తెచ్చి మా ఇంట్లో పరిచి, పడీపడీ నవ్వాడు. భాయ్ వెయ్యలేదు. అతనికి ఒకసారి క్షమాపణ చెప్పబోయాను. దేనికి అని అడిగాడు. నేను మనసులో తిట్టినవన్నీ చెప్పలేక, అల్లం చాయ్ పెట్టి ఊరుకున్నాను. పలకని ఎలా ఆర్పాలో కూడా చూపించాను. ఆ బటన్ వెనకవైపు ఉంటుంది, నాకే తెలియడానికి నెల పట్టింది.

కాకాతో పని మునుపటిలాగే సాగింది. నవ్వులూ మునుపటిలాగే. కానీ వచ్చి కూర్చోగానే ఆయన లాల్చీ జేబులోంచి ఆ పెన్ డ్రైవ్ తీసేవాడు. దానికి ఎర్ర దారం కట్టి బొత్తానికి ముడివేసుకునేవాడు. ముడి విప్పి, నా చేతికిచ్చేవాడు. పని అయ్యాక నేను అందులోకి ఎక్కించి, నా దగ్గర ఉన్నది ఆయన కళ్లముందే చెరిపేసి, తిరిగి ఇచ్చేదాన్ని. మళ్లీ దారం, మళ్లీ ముడి. ఆ ముడి వేసుకునేంతసేపూ నేను కిటికీలోంచి బయటికి చూసేదాన్ని. ఆయన కావాలని నన్ను నొప్పించేవాడు కాదు. చేతులు వణుకుతాయి కాబట్టి ముడి వెయ్యడానికి చాలాసేపు పట్టేది. మధ్యమధ్యలో "ఉండు దీక్రీ, అయిపోయింది" అనేవాడు. అలా ఏడాది గడిచింది.

ఒక వానాకాలం మధ్యాహ్నం ఆయన వచ్చాడు. ఏదో చిన్న మార్పు, అంచు మీద తీగ కొంచెం సన్నం చెయ్యాలి. చేశాను. పలక మీద చూసి బాగుందన్నాడు. చాయ్ తాగాడు, గొడుగు తీసుకున్నాడు, మెట్లు దిగి వెళ్లిపోయాడు. నేను కప్పు కడిగి వచ్చి కూర్చుంటే, కంప్యూటర్‌కి పెన్ డ్రైవ్ గుచ్చినట్టే ఉంది. ఎర్ర దారం కిందికి వేలాడుతోంది. కంగారుగా బాల్కనీలోకి పరుగెత్తాను. ఆయన అప్పటికే గేటు దాటి, ఆటో కోసం చెట్టు కింద నిలబడి ఉన్నాడు. అంత దూరం అరిచే గొంతు లేక ఫోన్ చేశాను. ఆయన గొడుగుని భుజానికి ఆనించి, ఫోను వెతుక్కుని, చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"కాకా, పెన్ డ్రైవ్ మర్చిపోయారు. ఉండండి, తెస్తున్నాను" అన్నాను.

ఆయన తల పైకెత్తి బాల్కనీ వైపు చూశాడు.

"భూల్యో నథీ, దీక్రీ" అన్నాడు. మర్చిపోలేదమ్మా, అని. ఆటో వచ్చింది, ఎక్కి వెళ్లిపోయాడు.